ఆగిన బండి – పలుకని అధికారము
(ఒక పఠనాలయ సభలో మేము చేసిన ప్రసంగపాఠము)



ఈ సభ సాయంకాలము 6 గంటలకని ప్రకటింపబడినది. 6 గంటలు కొట్టునప్పటికి ఇచ్చట సగము కుర్చీలు ఖాళీగా నుండెను. ఇప్పు డవి నిండినవి. ఆలస్యముగా వచ్చినవారు తలలు వంచుకొని, మన్నింపుడన్నట్లు చేతులు జోడించి కూర్చుండిరి. వారెక్కిన బండి నడిదారిలో నిలిచిపోయినదట. ఏల నిలిచినదని మే మడుగగా, తెలియదనిరి. ఎవరైన చెప్పిరా యనగా, ఎవరును చెప్పలేదనిరి. మన్నింపు కోరవలసినవారు కోరలేదు, కోరనక్కఱలేనివారు కోరిరి. నేటి మా ప్రసంగమునకు విషయ మిదియే.

నగరములయందలి రైలుబండ్లు సిగ్నళ్లు చెడి దారిలో నిలిచిపోవుట, వేళ తప్పి నడచుట – విషయము వినుటకు చిన్నది. దేశమున ఇంతకన్న పెద్ద సమస్యలు లేవా యని మీలో కొంద ఱనుకొనవచ్చును. లేకేమి, ఉన్నవి. అయినను 1915లో దక్షిణాఫ్రికానుండి తిరిగివచ్చిన గాంధీమహాత్ముడు, మూడవ తరగతి పెట్టెలలో దేశమెల్ల దిరిగి, అందలి బాధలను గూర్చి 1917లో పత్రికలకు వ్రాసెను. స్వరాజ్యమును గూర్చి యాలోచించు మహనీయునకు రైలుపెట్టెలోని యిఱుకును, మురికియు, టిక్కెట్టుగదివద్ది త్రోపులాటయు చిన్న విషయములుగా తోపలేదు. బీదవాని యెడల అధికార మెట్లు మెలగునో అచ్చటనే బయటపడునని యాయన యెఱుగును. అధికారము నేడు మన చేతులలోనిదే. కావున ప్రశ్న మఱింత పదునెక్కినది.

అరగంట ఆలస్యమనిన నేమో యొకసారి లెక్కింతము. ఒక బండిలో వేయిమంది యున్నా రనుకొందము. ఆ బండి అరగంట నిలిచినచో 500 గంటలు పోయినవి. దినమునకు 8 గంటల పని యను లెక్కను చూచినచో, అది 62 పనిదినములకు మించినది. ఒక్క బండికి, ఒక్క పూటకు ఇంత నష్టము. ఈ లెక్క యే కచ్చేరి పుస్తకమునను కనబడదు. ఏలన, ఆ నష్టము ఖజానాది కాదు, ప్రయాణికుని జేబుది.

అందును అందఱి యరగంట యొక్కటి కాదు. మోటారుకారు గలవాడు దారి మూసినచో మఱియొక దారి పట్టును. బండిలోనివానికి వేఱు దారి లేదు. దిగుటకు ప్లాట్‌ఫారమైన లేదు. తాపీపనికి పోవు కూలివాడు అడ్డాకు చేరునప్పటికి మేస్త్రీ కావలసినవారిని పిలుచుకొని పోయియుండును. అతనికి అరగంట ఆలస్య మనగా దినపు కూలి పోవుటయే. బట్టలకొట్టులో పనిచేయు యువతికి సగము దినపు జీతము కోతపడును. ఆసుపత్రి ఆయా రాకున్నచో, రాత్రియెల్ల మేల్కొన్న మఱియొక యాయా ఇంటికి పోలేక నిలిచియుండును. బడి విడిచిన పిల్లవాడు గేటువద్ద తల్లికొఱకు ఎదురుచూచుచుండును. పరీక్షకు బయలుదేరిన విద్యార్థికి తలుపు మూయబడును. ఆలస్యము అమృతమును విషము చేయునని మన పెద్దలన్నది వీరి విషయమున అక్షరాలా నిజము.

ఇంతటి బాధకు కారణమేమని యడిగిన, వినబడు మాట యొక్కటియే – సిగ్నలు చెడినది. ఈ మాటను మనము దినదినము వినుచున్నను, దాని యర్థ మెఱిగినవారు కొలదిమంది. దానిని తెలిసికొననిదే మన కోపము సరియైన దారి పట్టదు.

రైలుమార్గమును ఖండములుగా విభజించి, ఒక్కొక్క ఖండమున రెండు పట్టాలలోను స్వల్పమైన విద్యుత్ప్రవాహమును నడపుదురు. ఆ ఖండమున బండి లేనప్పుడు ఆ ప్రవాహము చివఱనున్న యంత్రమును చేరి దానిని పట్టియుంచును. అప్పుడే ఆకుపచ్చదీపము వెలుగును. బండి వచ్చినప్పుడు దాని చక్రములును ఇరుసును రెండు పట్టాలను కలిపివేయును, ప్రవాహము యంత్రమును చేరదు, ఎఱ్ఱదీపము వెలుగును. అమెరికాలో విలియం రాబిన్సన్ అనునతడు 1872లో దీనిని కనిపెట్టెను. ఇం దొక గొప్ప ధర్మమున్నది. తీగ తెగినను, విద్యుత్తు పోయినను, పట్టా విఱిగినను ప్రవాహము చేరదు గదా! అప్పుడును ఎఱ్ఱదీపమే వెలుగును. వానకాలమున పట్టాల నడుమ కంకఱలో నీరు నిలిచి ప్రవాహము ప్రక్కకు జాఱినను అంతే. చక్రముల ఇరుసులను లెక్కించు నూతనయంత్రములు నేడు అనేక స్థలముల నున్నవి. వానియందును లెక్క తప్పినచో ఫలితము అదియే. అనగా యంత్రము చెడినప్పు డది, మార్గము ఖాళీగా నున్నదో లేదో నాకు తెలియదు, నిలువుడని చెప్పుచున్నది. తెలియనిదానిని తెలియదనుట నిజాయితీ. ఎఱ్ఱదీప మా నిజాయితీ గలది.

ఆ దీపమును లెక్కచేయకున్నచో నేమగునో మన తెలుగునేలయే చూచినది. 2023 అక్టోబరు 29వ తేది రాత్రి విజయనగరము జిల్లాలో కంటకాపల్లె – అలమండ స్టేషనుల నడుమ, పలాసకు పోవుచున్న ప్యాసింజరు బండిని వెనుకనుండి రాయగడ ప్యాసింజరు ఢీకొనెను. 14 మంది మరణించిరి. ఆ రెండును సామాన్యులెక్కు బండ్లు. స్వయంచాలకమైన సిగ్నళ్లు ఆ రాత్రి రెండు చోట్ల చెడియుండెను. అట్టి సిగ్నలువద్ద రెండు నిమిషములు నిలిచి, పిమ్మట గంటకు 10 కిలోమీటర్లకు మించని వేగమున పోవలెనని నియమము. వెనుకబండి ఆ నియమమును పాటింపలేదని ప్రాథమిక విచారణలో తేలినది. దానిని నడపినవారును ప్రాణములు గోల్పోయిరి.

అంతకు నాలుగేండ్ల పూర్వము 2019 నవంబరు 11న హైదరాబాదులోని కాచిగూడ స్టేషనువద్ద నగరప్రయాణికుల ఎం.ఎం.టి.ఎస్. బండి నిలువవలసినచోట నిలువక కదలి, కర్నూలునుండి వచ్చుచున్న ఎక్స్‌ప్రెస్సును ఢీకొనెను. నుజ్జయిన గదిలో చిక్కుకొన్న డ్రైవరును గంటల తరబడి శ్రమించి వెలికి తీసిరి గాని, కొలది దినములకే ఆయన కన్నుమూసెను.

మఱి సిగ్నలు అబద్ధము చెప్పినచో? 2023 జూన్ 2న ఒడిశాలో బాలాసోరు సమీపమున బహనాగా బజారువద్ద జరిగినది అదియే. సిగ్నలు తీగల యమరికలో జరిగిన లోపములవలన, పట్టాలు ప్రక్కమార్గమునకు కలిసియుండగా, నేరుగా పొమ్మని కోరమాండల్ ఎక్స్‌ప్రెస్సునకు ఆకుపచ్చదీపము వెలిగెను. 290 మందికి పైగా మరణించిరి. విశాఖపట్టణము, విజయవాడల మీదుగా మద్రాసునకు పోవు బండి యది. తెలుగువా రా వార్త విని యెట్లు తల్లడిల్లిరో మీ రెఱుగుదురు.

కావున సోదరులారా, సిగ్నలు చెడినప్పుడు బండిని ముందునకు త్రోలుమని మేము కోరము. అట్లు కోరుట ప్రాణముల నిచ్చి నిమిషములను కొనుట యగును. నిలిచిన బండిని చూచి డ్రైవరును తిట్టుటయు తగదు. నిలుపుటయే అతని ధర్మము. మేము నిందించునవి రెండు: ఎఱ్ఱదీపము మాటిమాటికిని అకారణముగా వెలుగునట్లు చేయు నిర్లక్ష్య మొకటి, వెలిగిన పిమ్మట నోరు మెదపని యధికారము రెండవది.

మొదటిదానిని విచారింతము. వాన ప్రతి సంవత్సరమును కురియును. వాన వచ్చునని తెలియనివా రెవరు? కంకఱను శుభ్రపఱచి, కాలువలలోని పూడిక తీసి, తీగలకు కాపు పెట్టుట వేసవిలో చేయవలసిన పని. వేసవిలో మఱచి, వానకాలమున ఆకసమును నిందించుట పాతపాట.

మార్గముల కొఱత యింకొకటి. హైదరాబాదు ఎం.ఎం.టి.ఎస్. బండ్లు 2003 ఆగస్టులో ఆరంభమైనవి. రాష్ట్రప్రభుత్వమును రైల్వేయు చెఱిసగము వ్యయము భరించినవి. మంచి పనియే. కాని చాలవఱకు ఇవి ఎక్స్‌ప్రెస్సులును గూడ్సుబండ్లును నడచు పట్టాలమీదనే నడువవలెను. పెద్దబండి వచ్చునప్పుడు చిన్నబండి తొలగి నిలువవలెను. దూరమున నెక్కడనో ఎక్స్‌ప్రెస్సు ఆలస్యమైనచో, దాని శిక్ష లింగంపల్లికి పోవు ఉద్యోగి యనుభవింపవలెను. అట్టి మార్గమున సిగ్నలుకూడ చెడినచో గోరుచుట్టుపై రోకటిపోటే. 2012–13లో మంజూరైన రెండవ దశకు మూడింట రెండువంతులు రాష్ట్రమును, ఒకవంతు రైల్వేయు ఇయ్యవలెనని యేర్పాటు. ఆ వాటాలను గూర్చి ఏండ్ల తరబడి వాదములు నడచినవి. మేడ్చలు, ఉందానగరముల వైపు బండ్లు నడచునప్పటికి 2023 ఏప్రిలు వచ్చినది. నీ వంతు నీ వియ్యలేదని వారును, నీ వంతు నీవు చేయలేదని వీరును అనుచుండగా, ప్లాట్‌ఫారముమీద నిలిచినవాని వంతు మాత్రము తప్పలేదు.

బొంబాయి నగరమును చూడుడు. 1853 ఏప్రిలు 16న మనదేశమున ప్రయాణికుల బండి మొదట నడచినది అచ్చటనే, బోరీబందరునుండి ఠాణాకు. 1925 ఫిబ్రవరి 3న విద్యుత్తుబండి మొదట నడచినదియు అచ్చటనే. కామాఠీపురము కట్టిన తెలంగాణపు కూలీలును, మిల్లులలో నలిగిన పద్మశాలీలును, భివండీ మగ్గములవద్ది నేతగాండ్రును మనవారు. ఆ నగరపు సుఖదుఃఖములు మనకు పరాయివి కావు. అచ్చట ఠాణా – దివా నడుమ ఎక్స్‌ప్రెస్సులను వేఱుచేయుటకు అయిదవ, ఆఱవ మార్గములకు 2008లో పునాది వేసిరి. అవి ప్రజలకు అందినది 2022 ఫిబ్రవరిలో. ఆనాడు బడిలో చేరిన పిల్లవాడు పెరిగి తానే బండిపట్టుకొని ఉద్యోగమునకో కళాశాలకో పోవునంతటి కాలము!

తప్పు సర్వత్ర పాలకులదే యని మేము చెప్పము. 2024 డిసెంబరు 5న ఢిల్లీ మెట్రో నీలిమార్గమున మోతీనగర్ – కీర్తినగర్ నడుమ సిగ్నలు తీగను దొంగలు కోసికొనిపోగా, ఆ దినమెల్ల బండ్లు మెల్లగా నడచినవి. రాత్రి బండ్లు నిలిచిన పిదపనే దానిని సరిచేయ వీలయ్యెను. పిడికెడు రాగికొఱకు వేలకొలది జనుల దినము పాడయ్యెను. కాని యొక విశేషము గమనింపుడు. కారణ మేమో, ఎచ్చటనో, ఎప్పుడు సరియగునో ఆ సంస్థ ఆనాడే ప్రజలకు ప్రకటించినది. ప్రయాణికులకు బాధ కలిగినను, తమ దారి తాము చూచుకొనుటకు వీలు కలిగినది.

ఇక రెండవది, మౌనము. మా దృష్టిలో ఆలస్యముకన్న పెద్ద తప్పిది. నిజము తెలిసిన ప్రయాణికుడు ఆలోచించుకొనగలడు: దిగి బస్సెక్కవచ్చును, ఇంటికి కబురు చేయవచ్చును, యజమానికి చెప్పవచ్చును. తెలియనివాడు ఇదిగో కదలునని కూర్చుండి, ఉన్న దారులన్నియు మూసికొనిపోయిన పిదప లేచును. ప్రయాణికులకు కలుగు అసౌకర్యమునకు చింతించుచున్నామని చిలుక పలికినట్లు యంత్రము పలుకును. ఏల, ఎంతసేపు అను రెండు ప్రశ్నలకు మాత్రము ఉత్తర ముండదు. నిలదీసినవాని మొఱ దున్నపోతుపై వాన.

కారణము చెప్పుట దయాదాక్షిణ్యము కాదు, విధి యని మన సుప్రీంకోర్టు 2021 సెప్టెంబరులో స్పష్టపఱచినది. జమ్మూకు పోవు బండి నాలుగు గంటలు ఆలస్యమై, విమానము తప్పిపోయిన కుటుంబమునకు 30,000 రూపాయల నష్టపరిహార మిచ్చుట న్యాయమేయని తీర్పు చెప్పుచు, ఆలస్యమునకు కారణము తమ చేతిలో లేదని రుజువు చేయు భారము రైల్వేదే యనియు, చేయలేనిచో పరిహార మీయవలసినదే యనియు న్యాయమూర్తు లనిరి. ప్రయాణికుని కాలము అమూల్యమని సర్వోన్నతన్యాయస్థానము గుర్తించినది. విమానము తప్పినవానికి వర్తించిన న్యాయము మేస్త్రీ తప్పినవానికి వర్తింపదా? వాని నష్టము చిన్నదగుటచే వాడు కోర్టుకెక్కలేడు, అంతియే భేదము.

జపానుదేశమున బండి ఆలస్యమైనచో, ఇన్ని నిమిషము లాలస్యమైనదని రైలువారే చీటి యిత్తురు. ఉద్యోగి దానిని తన కచ్చేరిలో చూపును. 2017 నవంబరు 14న టోక్యోకు చేరువనున్న త్సుకుబా ఎక్స్‌ప్రెస్ మార్గమున నొక బండి 20 సెకండ్లు ముందుగా బయలుదేరినందులకు ఆ సంస్థ బహిరంగముగా క్షమాపణము చెప్పినది. మన మా సెకండ్లను అడుగుట లేదు. చీటి యిచ్చుటకు కొత్తమార్గములు వేయనక్కఱలేదు, కోట్లు కుమ్మరింపనక్కఱలేదు. తప్పును ఒప్పుకొనగల మన స్సుండిన చాలును. ఆ చీటి చూపిన కూలికత్తెకు సగముదినపు కోత తప్పునేమో ఆలోచింపుడు.

ఇంతవఱకు పాలకుల ధర్మము చెప్పితిమి. 1917లో గాంధీజీ రైల్వేవారిని మాత్రమే తప్పుపట్టి యూరకుండలేదు. ప్రయాణికుల తప్పులనుకూడ మొగమోటము లేక చెప్పెను. మేమును ఆ మర్యాదనే పాటింతుము.

2015 జనవరి 2న బొంబాయి సమీపమున దివా స్టేషనువద్ద, తీగనుండి విద్యుత్తు నందుకొను భాగము చెడి బండ్లు నిలిచిపోగా, ప్రయాణికులు పట్టాలమీదికి దిగిరి, రాళ్లు రువ్విరి, వాహనములు తగులబెట్టిరి, బండి నడపువారిపై చేయి చేసికొనిరి. వారు పనిమానగా ఉన్న బండ్లును నిలిచినవి. వారి బాధ నిజమైనది. వారి కోపము మే మెఱుగనిది కాదు. కాని రాయి యెవరికి తగిలినది? మార్గమునకు ధనము మంజూరు చేయనివానికి తగులలేదు. తీగను పరీక్షింపక సంతకము పెట్టినవానికి తగులలేదు. తమవలెనే జీతమునకు పనిచేయు డ్రైవరునకు తగిలినది.

ఆలస్యమైన బండి రెండు బండ్ల జనమును మోసికొని వచ్చును. అప్పుడు ద్వారమునకు వ్రేలాడియైనను పోవలెనను తొందర కలుగును. 2025 జూన్ 9న ముంబ్రావద్ద పట్టాల వంపులో ఎదురెదురుగా పోవుచున్న రెండు బండ్ల ద్వారములందు వ్రేలాడుచున్నవారు క్రిందపడిరి. ఆనాడే నలుగురు మరణించిరి. ఆ ప్రమాదమునకు ఆలస్యమే కారణమని మేము చెప్పము. యిఱుకునకు చెల్లించు వెల యెట్టిదో చెప్పుచున్నాము. పోయిన కూలి మఱునాడు సంపాదింపవచ్చును. పోయిన మనిషిని ఏ బండియు ఇంటికి తేలేదు.

మఱి రాయి విసరక, వ్రేలాడక, మూగవలె సహింపవలెనా? అదియును కాదు. మేమొక చిన్న పని సూచించుచున్నాము. ఈ పఠనాలయపు బల్లమీద నొక పుస్తక ముంచుడు. బండిలో వచ్చు ప్రతివాడును అందు అయిదు విషయములు వ్రాయవలెను: తేది, బండి, నిలిచిన చోటు, ఎన్ని నిమిషములు, కారణము చెప్పిరా లేదా. తిట్లు వలదు, అతిశయోక్తులు వలదు. నెల తిరిగిన పిదప దానిని క్రోడీకరించి, ఒక ప్రతిని డివిజను అధికారికిని, ఒక ప్రతిని మీ పార్లమెంటు సభ్యునకును, ఒకటి పత్రికలకును పంపుడు. రైల్వేలో ప్రయాణికుల సలహాసంఘములు డివిజనులోను, జోనులోను గలవు. వానిలోని సభ్యులు మన పక్షమున నడుగవలసినవారే. వారి కీ పుస్తకమును చూపుడు. 139 అను సంఖ్యకు ఒక్కడు ఫిర్యాదు చేసిన నది సణుగుడుగా తోచును. నూఱుమంది ఒకే లెక్కను చూపిన నది సాక్ష్యమగును.

మన కోరికలు మూడు. వేసవిలోనే తీగలను, కాలువలను పరీక్షించి, చేసిన పనిని ప్రకటింపుడు. బండి నిలిచిన 5 నిమిషములలో కారణమును, కాలమును తెలుగులోనే చెప్పుడు. ఆలస్యమైనచో అడిగినవారికి చీటి యిండు. వీనిలో ఏ యొక్కటియు అసాధ్యము కాదు.

తెలియనప్పుడు తెలియదని చెప్పి నిలిపివేయు ఎఱ్ఱదీపమునకు గల నిజాయితీ దానిని నిలిపినవారికిని ఉండవలెనని మేము కోరుచున్నాము. ఆ పుస్తకమున మొదటి పంక్తిని నేడు ఆలస్యముగా వచ్చి మనల మన్నింపు కోరినవారే వ్రాయుదురు గాక! ఇక మీదట వారు తలవంచనక్కఱలేదు.